డప్పు ఆగిన రోజు

అనగనగా ఒక ఊళ్ళో కాదు కన్నా, రెండు ఊళ్ళలో. ఏటికి ఈ ఒడ్డున గోగులపాడు, ఆ ఒడ్డున రెల్లుపాలెం. వరదొస్తే ఎదుటి గట్టుకు గండి పడితేనే తమ ఊరు దక్కేది. అందుకని ఒకరి గట్టు ఒకరు తెగ్గొట్టుకునేవారు.

అప్పుడు పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నారు. వరద రోజుల్లో ఏ ఊరి మగవాళ్ళైనా గునపాలతో ఎదుటి ఊరి గట్టు మీదే నిలబడాలి. తమ ఊరి డప్పు వినిపిస్తున్నంతసేపూ కదలకూడదు. డప్పు ఆగిందా, తమ ఊరు మునిగినట్టే. ఇంకేమీ అడగకుండా కాళ్ళ కింది గట్టు తవ్వెయ్యాలి.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి గండి పడలేదు. "ఇక భయమే మన గట్టు" అని మీసాలు దువ్వుకుని, అసలు గట్టుకు మట్టి వెయ్యడం మానేశారు.

గోగులపాడు డప్పు గంగులుది. కూతురు నూకాలును ఆ ఒడ్డునే ఇచ్చాడు. "చెయ్యి నొప్పెడితే నీ కూతురు మునుగుతుంది మామా!" అని అల్లుడు సూరి వేళాకోళమాడితే, గంగులు నవ్వేవాడు కాదు.

ఒక ఏడు ఏరు పొంగింది. ముసురులో ఎదుటి ఒడ్డు కనబడలేదు. అప్పుడు తమ ఊరి గట్టు మీద డప్పు కొడుతున్న గంగులు కాళ్ళ దగ్గర పీత బొరియలోంచి నీళ్ళు చిమ్మాయి. మట్టి కుక్కి, చప్పున డప్పు అందుకున్నాడు. ఆ తర్వాత ఇంకో బొరియ. తలగుడ్డ కుక్కి, మళ్ళీ డప్పు అందుకున్నాడు. ఆ తర్వాత మూడోది. అది చూస్తుండగానే మనిషి పట్టేంత అయింది.

అదే గట్టు మీద రెల్లుపాలెం తరఫున గునపంతో సూరి ఉన్నాడు. "అల్లుడూ, ఓ చెయ్యి వెయ్యి!"

"గట్టు ముట్టుకుంటే తవ్వానంటారు, డప్పు ముట్టుకుంటే మోసమంటారు మామా! నువ్వు మాత్రం ఆపకు!"

గట్టు తెగితే డప్పూ ఆగుతుంది, నూకాలూ మిగలదు. అందుకని గంగులు డప్పు కింద పెట్టి, బొరియలోకి దిగి వీపు ఆనించాడు. నీళ్ళు ఆగాయి. గట్టు నిలిచింది.

కానీ డప్పు ఆగింది.

ఆ ఒడ్డున గోగులపాడు గునపాలు లేచాయి. కాసేపటికి రెల్లుపాలెం డప్పు కూడా ఆగింది.

"నూకాలు పోయింది మామా" అన్నాడు సూరి. ఏడుస్తూనే, ఒప్పందం ప్రకారం గునపం ఎత్తాడు.

ఎవర్ని కాపాడదామని తవ్వాడంటావా కన్నా? ఎవరూ మిగల్లేదు. పీతలు మిగిలాయి.

కథేమో కంచికి,
ఊళ్ళేమో ఏటికి,
మనమింక ఏ ఇంటికి?