దివానుగారి ఓటి బానలు

నూకాలు వాకిలంతా బండరాయి. నిమ్మమొక్కలు పెంచాలంటే పెద్ద బానలు కావాలి, కొనే తాహతు లేదు. దివానుగారి గోడ బయట ఓటి బానలు బోలెడు పడున్నాయి. వెళ్లి అడిగింది.

"పగిలినా నావి నావే! ముట్టుకుంటే కొరడా దెబ్బలే!" అన్నాడు దివాను.

వానలకు ఆ ఓటి బానల అడుగున నీళ్లు నిలిచి దోమలు ముసిరాయి. ఊళ్లో విడిది చేసిన రాజుగారు ఒళ్లంతా దద్దుర్లతో లేచి, "ఎవడివీ దోమల బానలు?" అని గర్జించారు.

"దివానుగారికి తెలుసు ప్రభూ," అంది గుంపులోంచి నూకాలు.

దివాను గబుక్కున ముందుకొచ్చాడు. "నావి కావు ప్రభూ! ఎవరో పారేశారు!"

"అయ్యో, దిక్కులేనివా? సెలవిస్తే నేను తీసుకుపోతాను," అంది నూకాలు.

"తీసుకుపో, వెంటనే తీసుకుపో!" అన్నాడు దివాను.

"బరువు కదా బాబూ," అంది నూకాలు వినయంగా, "తమరి బండి కూడా ఇప్పించండి."

రాజుగారు చూస్తున్నారు. దివాను బండి కట్టించాడు.