ఊసరవెల్లి అడుగు

ఒకప్పుడు ఊసరవెల్లికి ఒంటి మీద ఒకటే రంగు, ఎండుటాకు రంగు. నడక మాత్రం నడక కాదు, పరుగే. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు అడవంతా తిరిగేది.

ఒక గాలివానకు, అది పుట్టి పెరిగిన నల్లమద్ది చెట్టవ్వ కూలిపోయింది. పోయి పోయి తను రాల్చిన గింజ మీదే పడింది.

"నా బిడ్డకు ఊపిరాడటం లేదర్రా! ఎవరైనా నన్ను గీకి దారి చెయ్యండి!" అని ఏడ్చింది అవ్వ.

ఊసరవెల్లికి కడుపు తరుక్కుపోయింది. నిజంగానే. "నేను లేనూ అవ్వా! నా గోళ్లు చూశావా? రేపు పొద్దున్నే మొదలెడతా," అంది.

పొద్దున్నే తంగేడు చుట్టపుచూపుకు రమ్మని పిలిచింది. ఆ అడవిలో ఇంటికొచ్చిన చుట్టాన్ని బట్టలు పెట్టకుండా పంపరు. తంగేడు పసుపు రంగు పెట్టింది. కొత్త బట్టలతో చెక్క గీకితే మాసిపోవూ? 'రేపు చూద్దాంలే' అనుకుంది ఊసరవెల్లి. మర్నాడు చిగురుతీగ ఆకుపచ్చ పెట్టింది. ఆ మర్నాడు మోదుగ ఎరుపు పెట్టింది. మాటలు కోటలు దాటాయి, చేతలు గడప దాటలేదు.

ఈలోగా అవ్వ ఒంటి మీద ఓ తెల్ల పుట్టగొడుగు మెల్లగా తలెత్తింది.

"అవ్వా, నాకు గోళ్లూ లేవు, పళ్లూ లేవు. నానబెట్టుకుని తింటాను. ఆలస్యమవుతుంది, పరవాలేదా?"

"పరవాలేదు తల్లీ. నీకు పెట్టడానికి నా దగ్గర బట్టలే లేవు."

"నేనెక్కడికి పోతాను గనక, కట్టుకోడానికి?"

అటుగా పోతున్న ఊసరవెల్లి పకపకా నవ్వింది. "బోసినోటితో మానును తింటావా!"

వానలొచ్చాయి, పోయాయి. పుట్టగొడుగు తింటూనే ఉంది. అవ్వ ఊరుకోలేక తన మానులోని వలయాలే ఒక్కొక్కటీ తీసి దానికి అంచులుగా కట్టింది.

చుట్టాల ఇళ్లన్నీ అయ్యాక ఊసరవెల్లి పరుగున వచ్చింది. "అవ్వా, వచ్చేశా! ఏదీ, ఎక్కడున్నావు?"

మాను లేదు. మెత్తటి నల్లమట్టి, అందులో రెండాకుల మొక్క. మిగిలిన చిన్న చెక్కముక్క మీద పుట్టగొడుగు.

"మెల్లగా," అంది పుట్టగొడుగు. "నువ్వు నిలబడింది అవ్వ మీదే."

ఊసరవెల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. గబుక్కున ఒక కాలు ఎత్తింది. ఎక్కడ దించాలో తెలియలేదు.

అప్పటినుంచే పుట్టగొడుగు చారల అంచు కట్టుకుని, పడిన మానును విడవకుండా కూర్చుంటుంది. ఊసరవెల్లి ఒంటి మీద ఎన్ని రంగులున్నా పరుగు మాత్రం మానేసింది. ఎత్తిన కాలును గాల్లోనే ముందుకీ వెనక్కీ ఊపి, కింద ఎవరున్నారో అని భయపడుతూ మెల్లగా దించుతుంది.