దాటేసిన పేరు

నిరంజనయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చెప్పులు వేసుకుని, ఆ ప్రశ్న పుట్టిన చోటికి బయలుదేరేవారు. అందుకే తీరిక లేని శిష్యులు ఆయన్ని ఏమీ అడిగేవారు కారు.

ముకుందయ్య అడిగాడు. అడగక గత్యంతరం లేకపోయింది. గోదావరి ఒడ్డున అతనికి పెంకుల ఫ్యాక్టరీ ఉంది. పదిహేను రోజుల కిందట బట్టీ పైకప్పు కూలి, లోపల పెంకులు పేరుస్తున్న పోసియ్య చనిపోయాడు. పడిన మేర అతుకు వేయించి నాలుగో రోజునే పని మొదలుపెట్టించాడు గానీ, పనివాళ్ళు మనుషుల్లో లేరు. మట్టి తొక్కేవాడు తొక్కుతూ తొక్కుతూ ఆగిపోతాడు. అచ్చు తీసేవాళ్ళు సగం పెంకులు వంకరగా తీస్తారు. నూకాలమ్మ అనే ఆవిడైతే పొద్దున పేరు పిలిస్తే పలకడమే మానేసింది. మతి చలించిందేమో, పని మాన్పించి పంపేద్దామా అని ముకుందయ్య ఆలోచన. భర్త లేని మనిషి, ఆ పని పోతే ఇల్లు గడవదు. మనసొప్పక గురువు గారి దగ్గరికి వచ్చాడు.

తాను చేయగలిగిందంతా చేశానని చెప్పుకున్నాడు. పట్నం నుంచి ఉపన్యాసకుణ్ణి పిలిపించి ధైర్యం గురించి గంటన్నర చెప్పించాడట. గేటు పక్కన ‘నవ్వుతూ పనిచేద్దాం’ అని బోర్డు రాయించాడట. గాయం రేగకూడదని పోసియ్య పేరు ఎవరూ ఎత్తకుండా కట్టడి చేసి, హాజరు పట్టీలోంచి కూడా కొట్టివేయించాడట. ఇంకా ఏ మాట చెబితే వాళ్ళకు ధైర్యం వస్తుందో సెలవివ్వమన్నాడు. గురువు గారు చెప్పుల కోసం చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఫ్యాక్టరీలో ఉన్నారు. అక్కడ హాజరు వేయడానికి ఒక పద్ధతి ఉంది, ముకుందయ్య తండ్రి పెట్టింది. మేస్త్రి అప్పన్న పేరు పిలిస్తే వచ్చినవాళ్ళు పలుకుతారు. రానివాళ్ళ తరఫున, పట్టీలో వాళ్ళ తరవాత పేరు ఎవరిదో వాళ్ళు కారణం చెబుతారు. జొరమనో, పెళ్ళికెళ్ళాడనో.

అప్పన్న వరసగా పిలుచుకుంటూ వచ్చి నూకాలమ్మ అన్నాడు. కొంగు నడుముకు బిగించి ఆమె వరసలోనే నిలబడి ఉంది. పలకలేదు. అప్పన్న జాలిపడి, వచ్చినట్టే పట్టీలో గుర్తు పెట్టి ముందుకు పోబోయాడు. గురువు గారు ఆపి, ఆమెకు ముందున్న పేరు ఎవరిదని అడిగారు. అప్పన్న యజమాని వైపు చూశాడు. యజమాని బోర్డు వైపు చూశాడు.

"పట్టీ నువ్వు తీసుకుని చదువు, ముకుందయ్యా," అన్నారు గురువు గారు.

ఆ పేరు వింటే వాళ్ళు తట్టుకోలేరని ముకుందయ్య గొంతు తగ్గించి చెప్పబోయాడు. నూకాలమ్మ అడ్డం వచ్చింది.

"ఆడి పేరు పిలవండి బాబుగారూ. ఆడి తరవాత పేరు నాది. ఆడెందుకు రాలేదో సెప్పాల్సింది నేను. ఆణ్ణి దాటేసి నన్ను పిలిత్తే ఎలా పలుకుతానండి? రేపు నేను పోతే నన్నూ ఇలాగే దాటేత్తారు."

ముకుందయ్యకు ముందు కోపమే వచ్చింది, ఫ్యాక్టరీ ఎవరిదని. కానీ అక్కడున్న నలభై మందిలో ఒక్కరూ తట్ట ఎత్తడానికి వంగలేదు. నేల చూపులు కూడా చూడలేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. కొట్టివేత కింద పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. పోసియ్య అని పిలిచేసరికి గొంతు వణికింది.

"సచ్చిపోయాడండి," అంది నూకాలమ్మ, ఆ చివరి షెడ్డు దాకా వినపడేలా. "బట్టీ కప్పు మీద పడి సచ్చిపోయాడు. బీట తీసిందని మూడ్రోజుల ముందే మీకు సెప్పాడు. కొత్త కప్పు పడేదాకా మేవెవరం అందులో అడుగెట్టం."

వరసలో ఎవరో భోరుమన్నారు. ఆ తరవాత అందరూ ఏడ్చారు, మేస్త్రితో సహా. ఈ లోడు పోయాక చూద్దాంలే అని పోసియ్యతో అన్నది ముకుందయ్యే. పదిహేను రోజులుగా ఆ మాట అతన్ని లోలోపల తినేస్తోంది. బట్టీ ఆర్పేయమన్నాడు. కప్పంతా తీయించి కొత్తది కట్టించేదాకా రాజేయవద్దని అందరి ముందూ చెప్పాడు. అప్పన్న కళ్ళు తుడుచుకుని నూకాలమ్మ పేరు మళ్ళీ పిలిచాడు. ఉన్నానండి అంది.

ఇంత జరిగినా ముకుందయ్య ప్రశ్న ముకుందయ్యకు ఉంది. గేటు దాకా సాగనంపుతూ, వాళ్ళకు ధైర్యం కలిగించే మాట ఏదో గురువు గారు చెప్పనే లేదని గుర్తు చేశాడు.

ఆయన నడక ఆపలేదు.

"పేరు పిలిచేటప్పుడు వణికింది ఎవరి గొంతు, నాయనా?" అన్నారు.