గోరింక నేర్చిన మూడు మాటలు

అనగనగా ఒక అడవి అంచున పశువుల ఆసుపత్రి ఉండేదర్రా. దాని చూరులో సింగారి అనే గోరింక కాపురం. డాక్టరు నోట ఏ ఇంగ్లీషు మాట రాలినా ఠక్కున పట్టేసేది. మూడు మాటలు వచ్చాయో లేదో, ఇహ చూస్కోండి దాని వయ్యారం! అడవిలో ఎవరు తుమ్మినా కొమ్మ మీద వాలి "ఇన్‌ఫెక్షన్" అనేది. కడుపునొప్పంటే "రియాక్షన్". ఏమీ తోచకపోతే "అబ్జర్వేషన్". అర్థం ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే తమకు తెలీదని బయటపడిపోదూ? అందుకని అందరూ బుద్ధిగా తలలూపేవారు.

ఒకరోజు మెత్తమ్మ అనే కుందేలు బిడ్డను నోట కరుచుకుని వచ్చింది. వాణ్ణి కింద పడుకోబెట్టి ఘొల్లుమంది.

"సింగారమ్మా, మా దూదిగాడు రెండ్రోజులుగా లేవట్లేదు. ఒళ్లు కాలిపోతోంది. నాకున్నది వీడొక్కడే!"

సింగారి మెడ తిప్పి, "అబ్జర్వేషన్‌లో పెట్టాలి" అంది.

"అంటే ఏంటమ్మా?"

సింగారి రెక్కలు సర్దుకుంది. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న! "అంటే... ఇన్‌ఫెక్షన్ వస్తే పెట్టేది" అంది.

"సరే, ఎలా పెట్టాలి?"

"నీకు చెప్పినా అర్థం కాదులే!" అని కసిరింది సింగారి.

మెత్తమ్మ కదల్లేదు. "నాకు బుర్ర తక్కువే తల్లీ. బిడ్డ ప్రాణం మీదికొస్తే సిగ్గుపడి కూర్చోనా? నేనేం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పు."

సింగారి దూదిగాడి వంక చూసింది. వాడి చెవులు వాలిపోయి ఉన్నాయి. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నాకూ తెలీదక్కా" అంది తల దించుకుని. "డాక్టరు ఆ మాట అనగానే అందరూ తలూపేవారు. అది చూసి మురిసిపోయి నేర్చుకున్నా."

పక్కనే మేస్తున్న వీరన్న అనే ముసలి గాడిద తలెత్తాడు. "ఓస్, అదా! నా కాలు వాచినప్పుడు నన్నూ ఆ ఆసుపత్రిలో అబ్జర్వేషన్‌లోనే పెట్టారుగా. పొద్దస్తమానం పక్కనే ఉండి, ఒళ్లంతా తడిమి తడిమి చూశారు. దగ్గరుండి జాగ్రత్తగా చూడటమే!"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది సింగారి.

"ఎవరైనా అడిగితే కదా!" అన్నాడు వీరన్న.

మెత్తమ్మ గబగబా బిడ్డ బొచ్చు పాయలు పాయలుగా విడదీసి చూసింది. వెనక కాలి మడమలో తుమ్మముల్లు! చుట్టూ చీము పట్టింది. సింగారి ముక్కుతో పట్టి ఒక్క లాగు లాగింది. మూడోరోజుకల్లా దూదిగాడు గంతులేశాడు.

సింగారి ఇప్పటికీ ఆ చూరులోనే ఉంది. కొత్త మాట చెవిన పడితే కిటికీ మీద వాలుతుంది. ఆ మాట అన్నాక డాక్టరు చేతులు ఏం చేస్తాయో కళ్లప్పగించి చూస్తుంది. ఆ తర్వాతే అడవికి వెళ్లి నోరు విప్పుతుంది.

నీతి: మాట పలకడం వస్తే దాని సంగతి తెలిసినట్టు కాదు. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి, తెలియదని చెప్పడానికి అసలే సిగ్గుపడకండి.