దాలెమ్మ రాగి గొట్టం

వట్టివేళ్ళ అత్తరు కాచే దాలెమ్మకు తన వెదురు గొట్టంతో పెద్ద బాధ. కుండలోంచి వచ్చే ఆవిరి సగం దాని పగుళ్ళలోంచే పోయేది. ఒకనాడు కోట వెనక చెత్తకుప్పలో చిలుము పట్టిన రాగి గొట్టం దొరికింది. దాన్ని చింతపండుతో తోమి, లోపల ఇసుక కూరి చుట్టలుగా వంచి, ఇసుక దులిపి నీళ్ళ తొట్టిలో దించింది. ఆవిరంతా చల్లబడి అత్తరై దిగింది. వీధంతా ఘుమఘుమలాడింది.

ఆ వాసన పట్టుకుని, కోట సామాను కొట్టు చూసే ఉగ్రాణాధికారి వీరూపయ్య వచ్చాడు. గొట్టంతో సహా దాలెమ్మను రాజుగారి ముందు నిలబెట్టాడు.

"ప్రభూ, రాణిగారి స్నానాలగది గొట్టాన్ని ఇది దొంగిలించింది!"

"చిల్లులు పడిందని మీరు పారేస్తేనే ఏరుకున్నానయ్యా" అంది దాలెమ్మ.

"చిల్లులా? మేలిమి రాగి! సూది దూరే చిల్లయినా లేదు."

"ఇంకోసారి చూసి చెప్పండి."

"నూరుసార్లు చూసినా అంతే!"

"అయితే ఇది మీదే, ఉంచుకోండి. పాత గొట్టం చిల్లులు పడిందని రాజుగారికి చెప్పి మీరు కొత్తది కొనిపించారని ఊరంతా విన్నాం కదా, నేను ఏరుకున్నది ఆ చిల్లుల గొట్టం. అది నాకు ఇప్పించండి, వెళ్ళిపోతాను."

"ఏదయ్యా ఆ చిల్లుల గొట్టం?" అన్నాడు రాజు.

"అది... ఇదే, ప్రభూ."

బాగున్న గొట్టానికి చిల్లులని అబద్ధమాడి, కొత్తదాని కొనుగోలులో సొమ్ము తిన్నాడని రాజుకు అర్థమైంది. "ఉగ్రాణం తాళాలు ఇక్కడ పెట్టు. గొట్టం భుజాన వేసుకుని ఆమె ఇంట్లో బిగించి రా."

నడివీధిలో అధికారి రొప్పుతుంటే, వెనక దాలెమ్మ చేతులూపుకుంటూ నడిచింది.

"మెల్లగా అయ్యా! నొక్కుకుపోయిందంటే ఇసుక కూరి మీ చేతే సరిచేయిస్తాను."