ఒంటరిగా మిగిలిన చిలక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, నడిపివాడు అందగాడు. చిన్నవాడైన మణిధరుడికి లెక్కలంటే ప్రాణం. తిన్న రేగుపళ్ల గింజలు కూడా లెక్కపెట్టేవాడు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు హేలావతి అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి, తన చిలకల తోటలో పనికి పెట్టుకున్నాడు. ఆమెను విడిపించడానికి వెళ్లిన పెద్దవాడు రాయైపోయాడు. నడిపివాడూ రాయైపోయాడు. అన్నల కోసం మణిధరుడు బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. "నా వీపెక్కు నాయనా! మెల్లగా పోతాను, కానీ తప్పక పోతాను" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

చిలకల తోటకు చేరిన వాళ్లను చూసి మాంత్రికుడు విరగబడి నవ్వాడు.

"మూడోవాడివా? రా, రా! నా తోటలో రెండు వేల ఐదు వందల ఇరవై చిలకలున్నాయి. రెండు మొదలు పది దాకా ఏ లెక్కన వరుస కట్టినా ఒక్కటీ మిగలదు. ఏరికోరి పెట్టుకున్న సంఖ్య! నా ప్రాణం ఒక చిలకలో ఉంది. మూడుసార్లు వరుస కట్టించు, ఆ ఒక్క చిలకను పట్టుకో. తప్పావో, నీ అన్నల పక్కన నువ్వూ రాయివే!"

మణిధరుడు వేళ్లు మడిచాడు. ఏడు ఎనిమిదులు యాభై ఆరు. తొమ్మిదితో హెచ్చిస్తే ఐదు వందల నాలుగు. మళ్లీ ఐదుతో హెచ్చిస్తే రెండు వేల ఐదు వందల ఇరవై!

"అబ్బ, ఎంత ముద్దొచ్చే సంఖ్య!" అని గంతేశాడు.

"గంతులు తర్వాత, ముందు ప్రాణం చూసుకో" అంది తాబేలు.

"రెండేసి!" అని కేకేశాడు మణిధరుడు. చిలకలు రెక్కలు టపటపలాడిస్తూ జతలు కట్టాయి. చివర ఒకటి మిగిలింది!

"ఏదో తడబడి ఉంటుందిలే" అన్నాడు మాంత్రికుడు.

మణిధరుడు దాన్ని ముద్దు చేస్తున్నట్టు వెళ్లి, హేలావతి చాటుగా అందించిన పసుపుతో తోక మీద చుక్క పెట్టాడు.

"పదేసి!" అన్నాడు. పసుపుచుక్క చిలక వరుసలో దూరబోయింది. "మా చోట్లోకి నువ్వెవరే?" అని మిగతావి పొడిచి తరిమాయి. మళ్లీ అదే మిగిలింది.

"ఏడేసి!"

"ఏడు వద్దులే అబ్బాయ్, చాలా కష్టం!" అన్నాడు మాంత్రికుడు, చెమటలు తుడుచుకుంటూ.

ఏడేసి కట్టాయి. మళ్లీ అదే మిగిలింది. మణిధరుడు చటుక్కున పట్టేశాడు.

"నీ సంఖ్యలో వంక లేదు మామా! అన్ని చిలకలనూ లెక్కపెట్టావు, ఈ చిలకలో ఉన్న నిన్ను నువ్వు లెక్కపెట్టుకోవడం మరిచావు!"

మాంత్రికుడు కాళ్ల మీద పడ్డాడు. అన్నలిద్దరినీ మనుషులను చేశాడు, హేలావతిని విడిచిపెట్టాడు. మంత్రాలు మానేసి, అన్ని చిలకలకూ రోజూ జామపళ్లు కోసి పెడతానని ఒట్టేశాడు.

హేలావతికీ మణిధరుడికీ అంగరంగ వైభవంగా పెళ్లయింది. విందుకు అందరూ బంతులు బంతులుగా కూర్చున్నారు. విస్తళ్లన్నీ సరిపోయాయి. అప్పుడు వాకిట్లో నుంచి "మెల్లగా వచ్చాను, కానీ తప్పక వచ్చాను!" అని వినిపించింది.

"అయ్యో, ఒకరు మిగిలారే!" అంది హేలావతి.

"మిగలడమేమిటి?" అంటూ మణిధరుడు తన విస్తరిని పక్కకు జరిపి, తాబేలును తమ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాడు.

వాళ్లు చాలా ఏళ్లు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఏ బంతిలోనూ ఎవరూ మిగిలిపోలేదు.