చెల్లని పట్టాభిషేకం

వెనకటికి చిత్రగిరి రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గాని, బిరుదుల పిచ్చి జాస్తి. ఆయన సభలో అడుగుపెట్టగానే వందిమాగధులు బిరుదులు అందుకునేవారు. అవి పూర్తయ్యేలోగా సభలో సగం మంది ఒక కునుకు తీసి లేచేవారు. అన్నిటిలోకీ ఆయనకు ముద్దొచ్చే బిరుదు 'సకలధర్మ సంరక్షకుడు'.

రాజధానిలో కేశవస్వామి గుడికి వేంగళాచార్యులు అర్చకుడు. ఊరంతా ఆయన్ని ఆచార్లుగారనేది. గొంతు కమ్మన, మాట మెత్తన. ఏ ఇంట పెళ్లయినా, ఎవరు మంచాన పడినా ఆయన రావలసిందే. అలాంటి ఆచార్లు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు.

పూర్వం ఉండేది. ఊళ్లో విషజ్వరాలు పాకిన ఏడు ఆయన భార్యా, ఇద్దరు పిల్లలూ ఒకరి వెనక ఒకరు పోయారు. స్వామి పాదాలు పట్టుకుని ఆయన ఏడవని ఏడుపు లేదు. మైల తీరాక గుడి తలుపు తీసి హారతి ఎత్తితే, ఆ వెలుగులో రాయి తప్ప ఇంకేమీ కనబడలేదు. కోపం కూడా రాలేదు. పళ్లెం కింద పెట్టి, ఎటైనా పోదామని వెనక్కి తిరిగాడు. వాకిట జనం నిలబడి ఉన్నారు. అందరూ ఆ జ్వరాలకు ఎవరినో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లే. ముందున్న ముసలాయన దోసిలి పట్టాడు. ఆచార్లు తీర్థం పోశాడు. ఆ రోజు నుంచి పోస్తూనే ఉన్నాడు.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు నేతగాళ్ల వీధి నుంచి నీలమ్మ అనే పిల్ల గుడికొచ్చింది. చంటిబిడ్డ పోయి ఇంకా నెల తిరగలేదు. మొక్కు మరిచిపోయావు గనకే స్వామి నీ బిడ్డను తీసుకుపోయాడని అత్త ఆమెను పొడుచుకు తింటోంది. నీలమ్మ అన్నం మానేసి పుల్లలా అయిపోయింది.

"నిజమేనా అయ్యగారూ? నా బిడ్డను నేనే చంపుకున్నానా?" అని అడిగింది.

ఆచార్లు గర్భగుడి వైపు చెయ్యి చూపాడు. "అమ్మా, ఇన్నేళ్లుగా పొద్దునా సాయంత్రం ఆ తలుపు తీసేవాణ్ని నేను. బిడ్డల్ని పట్టుకుపోయేవాడెవడూ లోపల లేడు. నీ తప్పేమీ లేదు. ఇంటికెళ్లి అన్నం తిను తల్లీ" అన్నాడు.

నీలమ్మ అన్నం తిన్నది. కానీ స్తంభం చాటున కూర్చుని జపం చేసుకుంటున్న రాజగురువు పురుషోత్తమ దీక్షితులు ఆ మాట విన్నాడు. చరచరా వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"లోపలెవడూ లేడా? అసలు నీకు దేవుడున్నాడన్న నమ్మకం ఉందా, లేదా?"

ఉందనేస్తే అక్కడితో పోయేది. కానీ ఆచార్లుకు దాచిదాచి విసుగెత్తింది. "లేదు దీక్షితులుగారూ" అన్నాడు.

మర్నాడు ఆయన్ని సభలో నిలబెట్టారు. రాజు కిరీటం సవరించుకుని గంభీరంగా అడిగాడు: "నమ్మకం లేనివాడివి గుళ్లో ఎందుకున్నావు?"

"జనం వస్తున్నారు ప్రభూ. వచ్చేవాళ్లకు ఎదురుగా ఎవరో ఒకరుండాలి కదా అని ఉన్నాను."

సభలో కొందరు తలలు వంచుకున్నారు. దీక్షితులు మాత్రం గుండు గీయించి పొలిమేర దాటించాలన్నాడు. రాజుకది చప్పగా తోచింది. 'సకలధర్మ సంరక్షకుడు' ఇచ్చే తీర్పు ఇంకా ఘనంగా ఉండొద్దూ! లేచి నిలబడి చెయ్యెత్తాడు.

"అంతే కాదు! నమ్మకం లేని నోట పలికిన మంత్రం మంత్రం కాదు. ఇతగాడి చేతుల మీదుగా జరిగిన శుభకార్యాలేవీ ఇకమీదట చెల్లవు!"

పొలిమేర దాటడానికి ఆచార్లు సిద్ధపడే వచ్చాడు. కానీ తను ముడి వేయించిన జంటలూ, తను పేరు పెట్టిన పసివాళ్లూ ఏం పాపం చేశారు?

అంతలో విదూషకుడు అక్కిరాజు ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు. "ఆహా, ఏం తీర్పు ప్రభూ! ఈ దండోరా వేయించే భాగ్యం నాకు ఇప్పించండి."

"అలాగే కానీ" అన్నాడు రాజు.

తెల్లవారాక శిక్ష అమలు జరగాలి. ఆచార్లును మళ్లీ సభకు తెచ్చారు. రాజు ఠీవిగా లోపలికొచ్చాడు. ఒక్క వంది నోరు విప్పలేదు. ఒక్కడూ లేచి నిలబడలేదు. అక్కిరాజైతే కాళ్లు బారజాపుకుని తాంబూలం నములుతున్నాడు.

"అక్కిరాజూ! ఏమిటీ పొగరు?" అని రాజు గర్జించాడు.

అక్కిరాజు ఎగాదిగా చూశాడు. "ఎవరయ్యా తమరు? ఏ ఊరు?"

అదే సమయానికి అంతఃపురం నుంచి దాసి పరుగున వచ్చింది. "ప్రభూ! మహారాణిగారు పల్లకీ ఎక్కుతున్నారు. పెళ్లికాని ఆడది పరాయి మగవాడి కొంపలో ఉంటే నలుగురూ నవ్వుతారట. పుట్టింటికి పోతున్నారు!"

ఆమె మాట పూర్తవకముందే దీక్షితులుగారి అల్లుడు భార్యను వెంటబెట్టుకుని సభకు వచ్చాడు. "మామగారూ, క్షమించాలి. రాజుగారి తీర్పు ప్రకారం మీ అమ్మాయికీ నాకూ పెళ్లి కాలేదట. అప్పగించి పోదామని వచ్చాను" అన్నాడు. ఆ అమ్మాయి తండ్రిని చూసిన చూపుకు దీక్షితులు ఉత్తరీయం సర్దుకుంటూ పక్కకు తిరిగాడు.

"ఇదంతా ఏమిటి?" అన్నాడు రాజు నీరసంగా.

"తమరి తీర్పే" అన్నాడు అక్కిరాజు. "ఒక్క ముక్క కలపకుండా వీధివీధినా చాటించాను. జ్వరాల ఏడు పెద్దమహారాజుగారు కూడా పోయారు. ఆ తర్వాత యువరాజుకు పట్టాభిషేకం చేసి, పెళ్లి జరిపించినది ఎవరో తమరికి గుర్తుందా?"

రాజు నెమ్మదిగా ఆచార్లు వైపు తిరిగాడు. పట్టాభిషేకం నాడు ఆయన చూసినంతసేపూ కిరీటాన్నే చూశాడు, పెట్టినవాణ్ని చూడలేదు.

"ఆచార్లు మంత్రం చెల్లకపోతే తమరు రాజు కారు. రాజు కానివాడి తీర్పు చెల్లదు. చెల్లుతుందంటారా, తమరు రాజే. కానీ అప్పుడు ఆచార్లు మంత్రమూ చెల్లినట్టే. ఏది కావాలో తమరే సెలవియ్యండి. మేం అందాకా కూర్చునే ఉంటాం."

దీక్షితులు గబగబా అందుకున్నాడు. "పట్టాభిషేకానికేం ఢోకా లేదు ప్రభూ! శక్తి మంత్రంలోనే ఉంది. చదివేవాడి మనసులో ఏమున్నా దానికి పట్టింపు లేదు."

"మంత్రానికే లేని పట్టింపు తమకెందుకు దీక్షితులుగారూ?" అన్నాడు అక్కిరాజు.

సభ గొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. సింహాసనం మెట్టు మీదే చతికిలబడి ఆచార్లును దగ్గరకు పిలిచాడు.

"ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. నా నెత్తిన నీళ్లు పోసిననాడు కూడా నీకు నమ్మకం లేదా?"

ఆచార్లు ఆ రోజు తలచుకున్నాడు. తండ్రి కర్మ ముగించి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రవాడు, తడిసిన బట్టలతో చలికి వణుకుతూ, ఏడుపు బయటపడకుండా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఆచార్లుకు అప్పటికి సొంత పిల్లలు పోయి ఎంతోకాలం కాలేదు.

"దేవుడి మీద లేదు ప్రభూ. తమరి మీద ఉండేది" అన్నాడు.

"ఉండేదా?"

"నిన్న సాయంత్రం కాస్త తగ్గింది."

రాజు ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. సభంతా లేచి నిలబడినా ఆ నవ్వు ఆగలేదు. "గుళ్లో ఆయన పెట్టే శఠగోపం సభలో నువ్వు పెట్టావు కదరా అక్కిరాజూ!" అంటూ మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. తన శాలువా తీసి స్వయంగా ఆచార్లుకు కప్పాడు.

"నీ గుడి నీది ఆచార్లూ. ఇంకేం కావాలో కోరుకో."

"బిడ్డను పోగొట్టుకున్న తల్లిని తప్పు పట్టరాదని ఒక దండోరా వేయించండి ప్రభూ. అది చాలు."

దండోరా వెంటనే బయల్దేరింది. దాని వెనకే ఇంకొకటి కూడా బయల్దేరవలసి వచ్చింది. రాజుగారు తమ తీర్పు తప్పని ఊరంతా చాటిస్తే తప్ప పల్లకీ దిగేది లేదని మహారాణి కబురు పంపింది.

అక్కిరాజు గుడి దాకా ఆచార్లుకు తోడు వచ్చాడు. వాకిట అప్పటికే జనం చేరి ఉన్నారు. మెట్ల దగ్గర అతను గొంతు తగ్గించాడు.

"ఆచార్లుగారూ, నేను మాత్రం నమ్మేవాణ్నే సుమండీ. మీకు ఇక ఎప్పటికీ కుదరదంటారా?"

"ప్రయత్నించాను అక్కిరాజుగారూ, రాలేదు. నా వంతు కూడా మీరే నమ్మండి" అని ఆచార్లు నడుముకున్న తాళంచెవి తీశాడు. "తలుపు నేను తీస్తాను."